తీర్పు తీర్చొద్దన్నారు, గద్దించమనీ అన్నారు: తోటి విశ్వాసి తప్పు కనిపిస్తే మరి ఏం చేయాలి?

సంఘంలో ఎవరైనా ఇంకొకరి తప్పు గురించి నోరు తెరిస్తే చాలు, ఐదు నిమిషాల్లో రెండు వాక్యాలు ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. ఒకాయన "తీర్పు తీర్చకుడి అని రాసుంది కదా బ్రదర్, మనమెవరం" అంటాడు, ఇంకొకాయన "సహోదరుడు తప్పు చేస్తే పోయి గద్దించు అని కూడా రాసుంది కదా" అంటాడు, ఇద్దరూ తీసేది మత్తయి సువార్తే, కాకపోతే ఒకరిది 7వ అధ్యాయం ఇంకొకరిది 18వ అధ్యాయం. తమాషా ఏంటంటే తప్పు మనదైతే మనకి 7 గుర్తొస్తుంది, ఎదుటివాళ్ళదైతే 18 గుర్తొస్తుంది. నేనూ అంతే, దాచుకునేదేం లేదు.

ఈ విషయం ఇంత చిక్కుపడటానికి కారణం "తప్పు దిద్దొచ్చా లేదా" అనే ఒకే ప్రశ్న కింద నాలుగైదు వేరే ప్రశ్నలు ముడిపడి ఉండటమే. అది నిజంగా పాపమా లేక నాకు నచ్చని పనా, నాకు తెలిసింది పూర్తి సంగతేనా, చెప్పాల్సింది నేనేనా, ఎక్కడ చెప్పాలి, విన్లేదు అప్పుడేంటి. వీటన్నిటికీ కలిపి అవును అనో కాదు అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తే ఎవరో ఒకరు దెబ్బ తింటారు.

ముందు 7వ అధ్యాయం సంగతి. చాలామంది మొదటి వచనం దగ్గరే ఆపేస్తారు, "మీరు తీర్పు తీర్చకుడి", అంతే, ఫుల్‌స్టాప్. కానీ ప్రభువు అక్కడ ఆగలేదు, నలుసు దూలం సంగతి చెప్పి, ఐదో వచనంలో ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు నీ సహోదరుడి కంట్లో నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అన్నారు. అంటే నలుసుని అలా వదిలేయమనలేదు. తీయమనే అన్నారు, కాకపోతే కళ్ళు సరిగ్గా కనబడేవాడు తీయాలి. గురివింద గింజ తన నలుపెరగదు అని మనం అంటాం కదా, దానికీ దీనికీ కొంచెం తేడా ఉంది, సామెత గురివిందని వెక్కిరించి వదిలేస్తుంది, ప్రభువు మాత్రం దూలం ఉన్నవాడికి కూడా పని అప్పగించారు. పైగా ఆయన ఎంచుకున్న చోటు చూడండి, కాలో చెయ్యో కాదు, కన్ను. కంట్లో నలుసు పడినవాడి దగ్గరికి ఎవరూ కర్ర పట్టుకుని వెళ్ళరు, వెలుతురులో కూర్చోబెట్టి, రెప్ప మెల్లగా ఎత్తి, మెత్తటి బట్ట కొసతో తీస్తారు, వాడు కొంచెం కదిలినా ఆగుతారు, మన చెయ్యి వణికితే వాడి చూపే పోతుంది మరి.

ఇంకో విషయం, వెంటనే ఆరో వచనంలో ముత్యాలు పందుల ముందు వేయొద్దు అని ఉంది. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో అస్సలు అంచనా వేయకుండా ఆ వచనం పాటించడం కుదిరే పని కాదు. కాబట్టి "తీర్పు" అంటే ఇది మంచి ఇది చెడు అని గుర్తుపట్టడం కాదు, ఎదుటివాణ్ణి నిందితుడి బోనులో నిలబెట్టి మనం జడ్జి కుర్చీలో కూర్చోవడం.

ఇక ప్రేమ, గద్దింపు అనే రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం అనుకుంటాం చూడండి, ఆ అభిప్రాయాన్ని నాకు మార్చింది కొత్త నిబంధన కాదు, లేవీయకాండము. 19వ అధ్యాయం 18వ వచనంలో "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అని ఉంటుంది, అది అందరికీ తెలుసు, యేసు ప్రభువు కూడా దాన్నే ఎత్తి చెప్పారు. కానీ దాని పైన ఏముందో చూడండి. 16లో కొండేలాడుతూ ఇంటింటికీ తిరగొద్దు అని ఉంది. 17లో నీ హృదయంలో నీ సహోదరుడి మీద పగ పెట్టుకోవద్దు, అతని పాపం నీ మీదికి రాకుండా తప్పక అతన్ని గద్దించాలి అని ఉంది. ఆ తర్వాతే ప్రేమించు అనే మాట. ఒక మనిషి తప్పు నా కంట పడితే నేను చేయగలిగేవి మామూలుగా మూడే, నలుగురికీ చెప్తాను, లేదా మనసులో పెట్టుకుని మొహం మాడ్చుకుంటాను, లేదా అతనికే వెళ్ళి చెప్తాను. మొదటి రెండు దారులూ ధర్మశాస్త్రం మూసేసి, మూడోది ఒక్కటే తెరిచి ఉంచి, దాని పక్కనే ప్రేమ అనే బోర్డు పెట్టింది. మనం తెలివైనవాళ్ళం కాబట్టి సరిగ్గా మూసేసిన రెండు దారుల్లోనే నడుస్తాం.

ఆ కొండేల దారికి మనం పెట్టుకున్న పేరు ప్రేయర్ రిక్వెస్ట్. "ఫలానా సిస్టర్ ఫ్యామిలీ గురించి కొంచెం భారంగా ప్రార్థన చేయండి, డీటెయిల్స్ చెప్పకూడదు గానీ..." అని మొదలవుతుంది, ఆ గానీ తర్వాత వచ్చేవన్నీ డీటెయిల్సే. ఆ సిస్టర్‌కి తప్ప అందరికీ తెలిసిపోతుంది. నిజంగా భారం ఉంటే ప్రార్థించడానికి పేరు చాలు, దేవుడికి మనం బ్యాక్‌గ్రౌండ్ చెప్పాల్సిన అవసరం లేదు. రెండోదానికి పేరు సాత్వికం, "నేనెందుకులే బ్రదర్ నోరు పాడుచేసుకోవడం, ప్రభువే చూసుకుంటాడు" అంటాం, కానీ ఆ మనిషి ఎదురైతే వందనాలు చెప్పడానికి కూడా చెయ్యి లేవదు. ఆ మౌనం సాత్వికం కాదు, 17వ వచనం చెప్పే పగే, తెల్ల బట్టలు వేసుకుంది అంతే.

సరే మరి కనిపించిన ప్రతిదీ వెళ్ళి చెప్పాలా అంటే, కాదు, ఇక్కడే నా ఉద్దేశంలో సగం గొడవలు పుడతాయి. రోమీయులకు 14వ అధ్యాయం మొత్తం దీని గురించే. ఒకడు అన్నీ తినొచ్చు అనుకుంటాడు, ఇంకొకడు కూరగాయలే తింటాడు, ఒకడు ఒక రోజుని ప్రత్యేకంగా చూస్తాడు, ఇంకొకడికి అన్ని రోజులూ ఒకటే, పౌలు అక్కడ ఎవరి పక్షమూ తీసుకుని రెండోవాణ్ణి దిద్దమనలేదు, "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు" అని ఇద్దర్నీ ఆపాడు. అదే పౌలు 1 కొరింథీయులకు 5లో తండ్రి భార్యని ఉంచుకున్నవాడి విషయంలో సంఘం ఊరుకుందని మండిపడ్డాడు. మనిషి ఒకడే, రెండు చోట్లా రెండు రకాలుగా మాట్లాడాడు, ఎందుకంటే విషయాలు వేరు. మనం ఏం చేస్తామంటే 14వ అధ్యాయం విషయాలకి 5వ అధ్యాయం కోపం వాడతాం. బట్టలు, పాటల స్టైల్, చప్పట్లు కొట్టడం, మీటింగ్‌లో ఎక్కడ కూర్చున్నారు, పిల్లల్ని ఎలా పెంచుతున్నారు, వీటి మీద ఉన్నంత పట్టుదల అబద్ధం మీదా డబ్బు దగ్గర మోసం మీదా ఉండదు. నేనైతే ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటాను, ఈ పని తప్పని చెప్పడానికి వాక్యం సూటిగా చూపించగలనా, లేక "మామూలుగా మనం ఇలా చేయం కదా" అనే మాట తప్ప నా దగ్గర ఇంకేం లేదా.

మూడో రకం కూడా ఒకటుంది, తప్పే, కానీ చిన్నది, వదిలేయాల్సింది. అలిసిపోయి విసుక్కున్నాడు, చెప్పిన టైమ్‌కి ఫోన్ చేయలేదు, మన పేరు మర్చిపోయాడు. "ప్రేమ అనేక పాపములను కప్పును" అని 1 పేతురు 4:8లో ఉంది, ఇలాంటివాటికి ఆ దుప్పటి సరిపోతుంది. కానీ జాగ్రత్త, ఇదే మాటని యాకోబు కూడా తన పత్రిక చివర్లో వాడాడు, 5:20లో, అక్కడ పాపాలు కప్పేది చూసీ చూడనట్టు పోయేవాడు కాదు, దారి తప్పినవాణ్ణి వెనక్కి మళ్ళించినవాడు. అంటే కప్పడానికి రెండు పద్ధతులు, కొన్ని వదిలేసి కప్పుతాం, కొన్ని బాగుచేసి కప్పుతాం. పైన గీరుకుపోయిన దెబ్బ దానంతటదే మానుతుంది, చీము పట్టినదాని మీద కట్టు కట్టేసి కప్పామనుకుంటే లోపల కుళ్ళుతుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది అంటే, ఆ తప్పు అతన్ని గానీ ఇంకెవర్నయినా గానీ పాడుచేస్తోందా, మళ్ళీ మళ్ళీ జరుగుతోందా, నేను వదిలేశాను అనుకుంటూనే రాత్రిళ్ళు దాన్నే తలుచుకుంటున్నానా, ఈ మూడింట్లో దేనికైనా అవునంటే అది దుప్పటి కేసు కాదు.

ఇంకా ముందుకెళ్ళే ముందు ఒక సిగ్గుపడే సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా సహవాసంలో ఒక బ్రదర్ వరసగా చాలా ఆదివారాలు లేట్‌గా రావడం, వెనక వరసలో కూర్చుని వాక్యం టైమ్‌లో కునికిపాట్లు పడటం, ప్రార్థన అవ్వగానే ఎవరితో మాట్లాడకుండా వెళ్ళిపోవడం, ఇదంతా నేను గమనిస్తూ వచ్చాను, గమనిస్తూ అని మర్యాదగా అంటున్నాను గానీ లెక్కపెడుతూ అనాలి. ఒక రాత్రి అతనికి పెద్ద మెసేజ్ పెట్టాను, సమాజంగా కూడటం మానొద్దు అని హెబ్రీయులకు 10:25, దాంతో ఆగానా అంటే లేదు, గెత్సేమనేలో ప్రభువు పేతురుతో అన్న "ఒక్క గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా" అనే మాట కూడా కింద పెట్టాను, చాలా బాగా రాశానని కూడా అనుకున్నాను. థాంక్యూ బ్రదర్ అని ఒక్క ముక్క వచ్చింది. తర్వాతి ఆదివారం అతను రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నెల పోయాక తెలిసింది, వాళ్ళమ్మకి ఒంట్లో బాగోక నెలల తరబడి ఆవిడ మంచం పక్కన రాత్రంతా మేల్కొని ఉండేది అతనేనట. మేల్కొని ఉండలేరా అని నేను అడిగింది రాత్రంతా మేల్కొని ఉన్న మనిషిని. వెళ్ళి క్షమాపణ అడిగితే అతను కోప్పడలేదు, "ఒక్కసారి ఫోన్ చేసి ఏమైంది అని అడిగుంటే బాగుండేది అన్నా" అన్నాడు.

నాలాంటి పని చేసినవాడు బైబిల్లోనే ఉన్నాడు, యాజకుడైన ఏలీ. హన్నా మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తూ ప్రార్థన చేసుకుంటుంటే ఆవిడ తాగి వచ్చిందనుకుని ఎంతసేపు మత్తులో ఉంటావు అని కసిరాడు (1 సమూయేలు 1). ఆయన చూసింది నిజమే, పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. అర్థం చేసుకున్నది తప్పు. పాపం ఏలీ గారిలో ఒక మంచి గుణం ఏంటంటే ఆవిడ అసలు సంగతి చెప్పగానే సమర్థించుకోకుండా వెంటనే దీవించి పంపాడు. (ఆవిణ్ణి అంత త్వరగా కసిరిన మనిషి సొంత కొడుకుల విషయంలో మాత్రం మెత్తగా మాటలతో సరిపెట్టేశాడు, అది వేరే కథ, మనందరికీ కొంచెం తెలిసిన కథే.)

దీనికి విరుగుడు యెహోషువ 22లో కనిపిస్తుంది, ఈ అధ్యాయాన్ని జనం పెద్దగా పట్టించుకోరు ఎందుకో. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రం వాళ్ళు యొర్దాను దగ్గర పెద్ద బలిపీఠం కట్టారని మిగతా గోత్రాలకి తెలిసింది. దేవుణ్ణి వదిలేశారు అనుకుని షిలోహులో యుద్ధానికి పోగయ్యారు. కానీ కత్తి దూసే ముందు ఫీనెహాసుని, గోత్రానికొకరు చొప్పున పదిమంది పెద్దల్ని మాట్లాడటానికి పంపారు. వీళ్ళు గట్టిగానే అడిగారు, అంతే కాదు మీ ప్రదేశం అపవిత్రం అనిపిస్తే మా వైపుకి వచ్చేయండి, మా స్వాస్థ్యంలో చోటిస్తాం అని కూడా అన్నారు, అంటే దిద్దడానికి వెళ్ళినవాళ్ళు తమ భూమిలో వాటా ఇవ్వడానికి సిద్ధపడి వెళ్ళారు. అవతలివాళ్ళు అది బలులకి కాదు, రేపు మీ పిల్లలు మా పిల్లల్ని మీకు యెహోవాతో పనేంటి అనకుండా సాక్ష్యంగా కట్టుకున్నాం అని చెప్పారు. వాళ్ళు విన్నారు, నమ్మారు, ఇంటికెళ్ళారు. మాటలు చెప్పుకున్న ఒక్క రోజు వల్ల అన్నదమ్ముల యుద్ధం ఒకటి తప్పింది. సంగతి వినకముందే జవాబిచ్చేవాడు మూర్ఖుడని సామెతలు 18:13 అంటుంది, నా మెసేజ్ కింద ఎవరైనా ఆ వచనం పెట్టుండాల్సింది.

ఏమైంది అని అడిగాక కూడా అందరికీ ఒకే మందు కాదు. 1 థెస్సలొనీకయులకు 5:14లో పౌలు అక్రమంగా నడిచేవాళ్ళకి బుద్ధి చెప్పమన్నాడు, ధైర్యం చెడినవాళ్ళని ధైర్యపరచమన్నాడు, బలహీనులకి ఊతనివ్వమన్నాడు, అందరి విషయంలో ఓపిక పట్టమన్నాడు. ఆ బ్రదర్‌కి కావాల్సింది ఊత, నేనిచ్చింది బుద్ధి.

ఇప్పుడు మత్తయి 18. దీన్ని చాలా సంఘాల్లో రూల్ బుక్ లాగా చదువుతారు, మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, తర్వాత సంఘానికి, ఆ తర్వాత బయటికి, మూడు స్టెప్పులు అయిపోయాయి ఫైల్ క్లోజ్ అన్నట్టు. కానీ దాని ముందూ వెనకా ఏముందో చూస్తే రుచి మారిపోతుంది. 12 నుంచి 14 వరకు తప్పిపోయిన గొర్రె ఉపమానం, తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాని కోసం వెతుక్కుంటూ పోవడం. ఆ వెంటనే 15లో "నీవు పోయి" అంటారు, అదే గొర్రెల కాపరి నడక ఇది. 21లో పేతురు ఎన్నిసార్లు క్షమించాలి అని అడుగుతాడు, ఏడుసార్లు కాదు డెబ్బది ఏళ్ల మారులు (అంటే డెబ్బై ఏడులసార్లు) అనే జవాబు వస్తుంది. ముందు వెతకడం, వెనక క్షమించడం, మధ్యలో గద్దింపు. ఆ రెండూ తీసేసి మధ్యలోది మాత్రమే పట్టుకెళ్తే చేతిలో మిగిలేది కర్ర.

15వ వచనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే మాట చివర్లో ఉంది, వింటే "నీ సహోదరుని సంపాదించుకొంటివి". వాదన గెలిచావు అనలేదు, సత్యాన్ని నిలబెట్టావు అని కూడా అనలేదు. పోయిన ఆస్తి తిరిగి చేతికొచ్చినట్టు మనిషి దొరికాడు. కాబట్టి వెళ్ళే ముందు ఒక ప్రశ్న, నాకు ఆ మనిషి కావాలా, లేక నేను చెప్పాను అనే తృప్తి కావాలా. రెండోదైతే ఇంట్లో కూర్చోవడం మంచిది. అన్నట్టు "నీయెడల తప్పిదము చేస్తే" అనే మాటలో ఆ నీయెడల అనేది 4వ శతాబ్దపు రెండు ముఖ్యమైన చేతిరాత ప్రతుల్లో, సినాయిటికస్, వాటికానస్ అంటారు వాటిని, లేదు. అందుకే ఇది మన మీద చేసిన తప్పుకేనా లేక ఏ పాపానికైనానా అనే చర్చ ఉంది, కానీ గలతీయులకు 6:1 ఎలాగూ ఏ తప్పులో చిక్కుకున్నవాణ్ణయినా అంటోంది కాబట్టి ఆచరణలో పెద్ద తేడా రాదు.

ఒంటరిగా అనే మాట మీద ఇంకొంచెం ఉండాలి, ఎందుకంటే ఇప్పుడు ఒంటరిగా అనేది కరువైపోయింది. గ్రూప్‌లో అందరి ముందు ట్యాగ్ చేసి అడగడం, స్టేటస్‌లో ఒక వాక్యం పెట్టి ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుందిలే అనుకోవడం, ముందే పాస్టర్ గారికి చెప్పి ప్రసంగంలో వాయించేలా చూడటం, స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరు ముగ్గురికి పంపి "నేను అన్నది కరెక్టేనా చూడండి" అనడం. స్టేటస్ బాణం సంగతైతే మరీ విచిత్రం, తగలాల్సినవాడు ఆమేన్ అని పెడతాడు, సంబంధం లేని పదిమంది నన్నే అన్నారేమో అని భుజాలు తడుముకుంటారు. ఒంటరిగా ఎందుకు అంటే పరువు కోసం మాత్రమే కాదు, నలుగురి ముందు పట్టుబడిన మనిషికి తన తప్పు కనబడదు, తన్ను చూస్తున్న ఆ నలుగురే కనబడతారు, వాళ్ళ ముందు నిలబడటానికి వాదిస్తాడు. ఎవరూ చూడనప్పుడు వెనక్కి తగ్గడం తేలిక.

రెండో మెట్టు సాక్షుల గురించి కూడా అపార్థం ఉంది. ఒకరిద్దర్ని తీసుకెళ్ళడం అంటే మన పార్టీ బలం పెంచుకోవడం అనుకుంటాం. ఆ నియమం ద్వితీయోపదేశకాండము 19:15 నుంచి వచ్చింది, అక్కడ అది ఒక్కడి మాట మీద మనిషికి శిక్ష పడకుండా కాపాడేది. అంటే వచ్చిన ఆ ఇద్దరూ రెండు వైపులా విని "తప్పు అతనిది కాదు, నీదే" అని నాతో అనగలిగేవాళ్ళు అయ్యుండాలి. అలా అనలేనివాళ్ళని వెంటేసుకెళ్తే వాళ్ళు సాక్షులు కాదు, మంది.

అయితే మత్తయి 18ని వాడకూడని చోట వాడటం వల్ల జరిగే నష్టం కూడా చెప్పకపోతే ఈ వ్యాసం దండగ. ఒక నాయకుడి చేతిలో నలిగిపోయినవాళ్ళని, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆవిణ్ణి, లైంగికంగా వేధించబడ్డ పిల్లల్ని "ముందు నువ్వు ఒంటరిగా వెళ్ళి మాట్లాడావా, వాక్యప్రకారం చేశావా" అని అడగడం క్రూరత్వం. సహోదరుడు అనే మాట ఇద్దరు సమానులు ఎదురెదురుగా కూర్చోగలిగినప్పటిది. భయంలో ఉన్న మనిషిని భయపెట్టినవాడి గదిలోకి ఒంటరిగా పంపమని ప్రభువు చెప్పలేదు, అదే అధ్యాయం 6వ వచనంలో చిన్నవారిని ఆటంకపరిచేవాడి మెడకి తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలు అన్నారు, అది కూడా మత్తయి 18లోదే మరి. నేరం జరిగితే పోలీసులకి చెప్పాలి, అది సంఘం గుట్టు రట్టు చేయడం కాదు, అధికారులు కీడు చేసేవాళ్ళకి భయంగా ఉండాలని రోమా 13 చెప్పిందే. పెద్దల విషయంలో 1 తిమోతి 5:19, 20 రెండు వైపులా కంచె వేసింది, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవద్దు, కానీ పాపం చేస్తూ ఉంటే మిగతావాళ్ళు భయపడేలా అందరి ముందు గద్దించు. మొదటి సగాన్ని మాత్రమే కంఠతా పట్టినవాళ్ళని చాలామందిని చూశాను.

అందరి ముందు అనగానే అంతియొకయ గుర్తొస్తుంది. గలతీయులకు 2లో పౌలు కేఫాని, అంటే పేతురుని, అందరి ముందే నిలదీశాడు. మరి ఒంటరిగా ఎందుకు వెళ్ళలేదు? ఎందుకంటే పేతురు చేసింది ఒంటరిగా కాదు, అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి తినేవాడు యెరూషలేము నుంచి కొందరు రాగానే లేచి వేరుగా కూర్చున్నాడు, అది చూసి మిగతా యూదులూ లేచారు, బర్నబా కూడా లేచాడు, అవతల బల్ల దగ్గర మిగిలిపోయిన అన్యజన విశ్వాసులు అందరి ముందే చిన్నబోయారు. గాయం అందరి ముందు జరిగితే దాన్ని సరిచేసే మాట కూడా వాళ్ళకి వినబడాలి. ఒక్క పేతురుకి చెవిలో చెప్పి వదిలేస్తే ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి ఎవరు జవాబు చెప్తారు. అయితే ప్రతివాడూ తాను పౌలుని అనుకుని మైక్ పట్టుకోవడానికి ఇది లైసెన్స్ కాదు, మనకి కనిపించే తప్పుల్లో చాలావరకు అంతియొకయ రకం కాదు, అపొల్లో రకం. అపొల్లో మంచి వక్త, లేఖనాలు బాగా తెలిసినవాడు, కానీ యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల సమాజమందిరంలో విన్నారు, అక్కడే చెయ్యెత్తి కరెక్షన్ చెప్పలేదు, అతన్ని చేర్చుకుని దేవుని మార్గం ఇంకా పూర్తిగా వివరించారు (అపొ. కార్యములు 18:26). పాండిత్యం ఉన్నవాడు డేరాలు కుట్టుకునే భార్యాభర్తల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, ఇందులో ఎవరి గొప్పతనం ఎక్కువో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఎలా చెప్పాలి అనేదానికి గలతీయులకు 6:1లో ఒక మాట ఉంది, మన తెలుగులో "మంచిదారికి తీసికొనిరావలెను" అని ఉన్న చోట గ్రీకులో ఉన్న క్రియ, జెబెదయి కొడుకులు పడవలో వలలు బాగుచేసుకుంటున్నారు అని మత్తయి 4:21లో చెప్పడానికి వాడిన అదే క్రియ. చిరిగిన వలని ఎవరూ తిట్టరు. ఒడిలో పరుచుకుని ఎక్కడ తెగిందో వేళ్ళతో వెతుకుతారు, ఒక్కో పోగు కలుపుతారు, రేపు మళ్ళీ నీళ్ళలోకి దింపాలి కాబట్టి గట్టిగానే కడతారు. అలాగని మెత్తగా చెప్పడం అంటే అర్థం కాకుండా చెప్పడం కాదు. దావీదు రాజు ఊరియా భార్య బత్షెబని తీసుకుని అతన్ని చంపించాక ప్రవక్త నాతాను అతని దగ్గరికి వెళ్ళినప్పుడు, పేదవాడి ఒక్క గొర్రెపిల్లని లాక్కున్న ధనవంతుడి కథతో మొదలుపెట్టాడు, రాజు కోపంతో ఊగిపోయేదాకా ఆగాడు, ఆ తర్వాత "ఆ మనుష్యుడవు నీవే" అని సూటిగా అనేశాడు. మనలో కొందరు కథ చెప్పి ఊరుకుంటారు, అవతలివాడు టీ తాగి నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు, ఇంకొందరు కథ లేకుండా వేలు ఒక్కటే చూపిస్తారు. నాతానుకి రెండూ కావాల్సొచ్చాయి. వయసులో పెద్దవాళ్ళకి చెప్పాల్సొస్తే 1 తిమోతి 5:1 తండ్రిగా భావించి చెప్పమంటుంది, 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంతి కూడా పైవాళ్ళని కిందివాళ్ళు సరిదిద్దొచ్చా అనే ప్రశ్న తీసుకుని, దిద్దొచ్చు, కానీ మర్యాదతో అని తేల్చాడు.

అన్నీ చేశాం, విన్లేదు. అప్పుడు "అన్యునిగాను సుంకరిగాను ఎంచుకొనుము" (సుంకరి అంటే పన్ను వసూలు చేసేవాడు). ఈ మాట చదివి వెలివేయడమే అనుకుంటారు, మరి ఈ మాట రాసిపెట్టింది ఎవరు అంటే 10:3లో తన్ను సుంకరియైన మత్తయి అని చెప్పుకున్నవాడు. ప్రభువు సుంకరుల్ని ఎలా చూశారో అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు. లోపలివాడు అన్నట్టు నటించడం ఆపాలి, నిజమే, 1 కొరింథీయులకు 5 కూడా అదే అంది, కానీ వెతకడం ఆపమనలేదు. 2 థెస్సలొనీకయులకు 3:15 శత్రువుగా కాక సహోదరుడిగా భావించి బుద్ధి చెప్పమంది. 2 కొరింథీయులకు 2లో శిక్షపడిన ఒకడి గురించి ఇక చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడు అని పౌలు రాశాడు, అతను మొదటి పత్రిక 5వ అధ్యాయంలోని మనిషే అని చాలామంది అంటారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమాల్లో ఈ వచనాన్నే పట్టుకుని ఒక ఏర్పాటు చేశాడు, తప్పు చేసి సహవాసం నుంచి వేరుచేయబడ్డ సహోదరుడి దగ్గరికి మఠాధిపతే తెలివైన ముసలి సహోదరుల్ని రహస్యంగా పంపాలి, ఓదార్చి వెనక్కి తెచ్చుకోవడానికి. వేరుచేసిన చెయ్యే ఓదార్చేవాణ్ణి కూడా పంపిస్తుంది. మన దగ్గర శిక్ష వేసే కమిటీలున్నాయి గానీ ఈ ముసలి సహోదరుల డిపార్ట్‌మెంట్ ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఈ దశలో సంఘాలే ముక్కలైన సందర్భాలున్నాయి. 1693లో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల అనబాప్టిస్టుల్లో (విశ్వసించాకే బాప్తిస్మం ఇవ్వాలనే క్రైస్తవుల్లో) చీలిక వచ్చింది, బహిష్కరించినవాడితో ప్రభురాత్రి భోజనం మాత్రమే మానాలా లేక మామూలు భోజనం కూడా కలిసి చేయకూడదా అనేది పెద్ద తగాదా, యాకోబ్ అమ్మన్ రెండోదాని పక్షం, అలా విడిపోయినవాళ్ళే అమిష్ అనే శాఖ. కొన్నేళ్ళకి అమ్మన్ వర్గం మేం తొందరపడ్డాం అని క్షమాపణ అడిగింది కూడా, కానీ అతుకు పడలేదు.

ఇంతసేపూ చెప్పేవాడి గురించే మాట్లాడాను, వినేవాడి సంగతి తక్కువ చెప్పాను, నాకు ఏది తేలికో దాన్నుంచే తెలిసిపోతుంది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ 1738 డిసెంబర్ 25న చిన్న చిన్న గుంపులకి నియమాలు రాసినప్పుడు, చేరబోయేవాళ్ళని ముందే అడిగే ప్రశ్నల్లో నీ తప్పులు నీకు చెప్పాలని నువ్వు కోరుకుంటున్నావా అనేది ఒకటి పెట్టాడు. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు కాకుండా పిలుపు ముందే అందుకోవడం అన్నమాట. నా మెసేజ్ సంఘటన తర్వాత నేనూ ఇద్దరికి ఆ పర్మిషన్ ఇచ్చాను, నాలో ఏదైనా తేడాగా కనిపిస్తే నాకే చెప్పండి, ఎవరికీ చెప్పకండి అని. అందులో ఒకరు ఆ కునికిపాట్లు పడ్డ బ్రదరే. మొదటిసారి అతను ఫోన్ చేసి "అన్నా ఒక మాట, నిన్న మీటింగ్‌లో పెద్దాయనతో నువ్వు మాట్లాడిన తీరు..." అనగానే నాలో ఒక లాయర్ లేచి నిలబడ్డాడు, ఆ రోజు నేనేం చెప్పుకున్నానో రాయను, మంచిగా ఏం లేదు. రెండ్రోజులకి నేనే ఫోన్ చేశాను.

దావీదు అంత టైమ్ తీసుకోలేదు, నాతాను మాట అయిపోగానే "నేను పాపముచేసితిని" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరి స్నేహం ఏమైందో తెలుసుకోవాలనిపిస్తే 1 రాజులు 1 చదవండి, దావీదు మంచాన పడ్డాక సొలొమోను సింహాసనం సంగతి మాట్లాడటానికి అతని గదిలోకి వెళ్ళింది ఆ నాతానే. ఇంకోటి, 1 దినవృత్తాంతములు 3:5లో యెరూషలేములో దావీదుకి పుట్టిన కొడుకుల పేర్లున్నాయి, బత్షెబ కన్న నలుగురిలో ఒకడి పేరు నాతాను. ప్రవక్తని తలుచుకునే ఆ పేరు పెట్టాడా అనేది బైబిల్ చెప్పలేదు.